పసుపు పూసినంత మాత్రాన పాత ఫోటో కాదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ అవ్వాతాతల పెళ్ళయి 60 ఏళ్ళు నిండుతున్నాయి. పెళ్ళయిన కొత్తలో వాళ్ళు కర్నూలు స్టూడియోలో తీయించుకున్న ఫోటో 2009 వరదలో పోయింది. ఇప్పుడు వాళ్ళిద్దరినీ ఫోన్‌తో తీసి, ఆ కాలపు ఫోటోలా చేసి, పటం కట్టించి ఇవ్వాలని మీ ఆలోచన. ఫోటోలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్ జింప్‌లో సెపియా (పాత ఫోటోల గోధుమ రంగు) వేసి చూస్తే పసుపు నీళ్ళు కుమ్మరించినట్టు ఉందన్నారు. ఫోటోషాప్ లేదన్నారు.

నేనూ కర్నూలు వాడినే. డార్క్‌రూమ్‌లో ఏడెనిమిదేళ్ళు, కంప్యూటర్ ముందు ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాను. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్ళోకి వచ్చాక కొన్ని నెలలపాటు మా షాపులో వేరే పనే లేదు. బురద పట్టిన ఆల్బమ్‌లు, గాజుకు అంటుకుపోయిన పటాలు, ఇవే. కాబట్టి మీ బాధ నాకు కొత్త కాదు. సమాధానం మాత్రం కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ఒకటి తేల్చుకోవాలి. మీకు కావలసింది 1965 ప్రాంతంలో స్టూడియో వాళ్ళు కవర్లో పెట్టి చేతికిచ్చిన రోజు ఉన్న ఫోటోనా? లేక అదే ఫోటో అరవై ఏళ్ళు గోడకు వేలాడాక ఉన్న ఫోటోనా? రెండూ వేరు. చాలామంది ఈ తేడా పట్టించుకోకుండా నేరుగా ఫిల్టర్ మీద పడతారు, అందుకే పసుపు నీళ్ళవుతుంది.

1960ల నాటి మామూలు స్టూడియో ప్రింట్ బ్రోమైడ్ కాగితం, అంటే వెండి బ్రోమైడ్ పూసిన ఫోటో కాగితం మీద వేసింది. కొత్తగా ఉన్నప్పుడు అది శుభ్రమైన నలుపు తెలుపు. సెపియా అన్నది అప్పట్లో విడిగా చేసే పని. ప్రింట్‌లోని వెండిని వెండి సల్ఫైడ్‌గా మారిస్తే గోధుమ రంగు వస్తుంది, ఫోటో ఎక్కువ కాలం నిలుస్తుంది. అడిగి, డబ్బు ఇచ్చినవాళ్ళకే చేసేవారు. మన ఇళ్ళలో పచ్చబడి కనిపించే ఫోటోల్లో చాలావాటికి సెపియా చేయలేదు. హైపోలో (ఫోటోను నిలబెట్టే ద్రావణం) ముంచాక నీళ్ళలో సరిగా కడగలేదు, అంతే. కాగితంలో మిగిలిపోయిన హైపో ఏళ్ళ తరబడి వెండిని తినేసి పచ్చగా చేసింది. ఎండాకాలం మన ఊళ్ళో నీళ్ళ కటకటలో ప్రింట్లను ఎంతసేపు కడిగి ఉంటారో మీరే ఊహించుకోండి.

అంటే మీ తాత చేతికి వచ్చిన రోజు ఆ ఫోటో పచ్చగా లేదు. నేనైతే ఆ రోజు ఫోటోనే చేస్తాను. ముసలితనం చివర్లో కావాలంటే కొంచెం, అదీ అంచులకే.

ఇక పని. పాత ఫోటో ఏ వరసలో పుట్టిందో మీరూ అదే వరసలో వెళ్ళండి: వెలుతురు, లెన్స్, ఫిల్మ్, నెగెటివ్ మీద పెన్సిల్, ప్రింట్, చివరికి రంగు. జింప్‌లో ఫిల్టర్స్ మెనూలో డెకార్ కింద ఓల్డ్ ఫోటో అని ఒకటి ఉంటుంది. దాన్ని మీరు ఇప్పటికే నొక్కే ఉంటారు. అది కొంచెం మసక, ఒక అంచు చేర్చినా అసలు చేసేది ఆఖరి మెట్టే. మొదటి అయిదు మెట్లు లేకుండా ఆరోది ఎక్కితే జారిపడక ఏమవుతుంది?

వెలుతురు తప్పితే ఏ సాఫ్ట్‌వేరూ దిద్దలేదు, అందుకే ఇక్కడ ఎక్కువ చెబుతాను. కరెంటు దీపాలు రాకముందు స్టూడియోలకు ఉత్తరం వైపు పెద్ద గాజు కిటికీ ఉండేది. అటునుంచి నేరుగా ఎండ పడడం తక్కువ, వెలుతురు రోజంతా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. తర్వాత 500 వాట్ల బల్బులు వచ్చాయి. ఒకటి పక్కనుంచి, కొంచెం పైనుంచి ముఖం మీదికి. రెండోది నీడలు మరీ నల్లబడకుండా ఎదురుగా దూరంగా. మే నెలలో ఆ బల్బుల ముందు పట్టుచీరతో కూర్చున్న పెళ్ళికూతురి అవస్థ చెప్పనక్కర్లేదు, ఆ ముఖాల్లో కనిపించే గాంభీర్యంలో సగం ఉక్కపోతే.

మీ ఇంట్లో వసారా కానీ, ఉత్తరం వైపు తలుపు కానీ ఉంటే పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య అక్కడ తీయండి. తలుపుకు మూడు నాలుగు అడుగుల దూరంలో కుర్చీలు వేయండి, ముఖాలు తలుపు వైపు సగం తిరిగి ఉండాలి. తలుపుకు ఎదురు వైపు తెల్ల దుప్పటి ఒకటి వేలాడదీస్తే అదే మీ రెండో దీపం. ఇంట్లో ట్యూబ్‌లైట్లు అన్నీ ఆపేయండి. వెనక గోడకు సున్నం రంగు ఎలా ఉన్నా పరవాలేదు కానీ క్యాలెండర్, స్విచ్ బోర్డు కనపడకూడదు. బూడిద రంగు దుప్పటి కట్టి, మనుషుల్ని దానికి నాలుగు అడుగులు ముందుకు జరిపితే ఇంకా మంచిది.

ఫోన్‌ను ముఖం దగ్గరికి తీసుకుపోవద్దు. దగ్గరగా తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. ఏడెనిమిది అడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ లెన్స్ వాడండి. ఫోన్ కూర్చున్నవాళ్ళ ఛాతీ ఎత్తులో ఉండాలి, మీరు నిలబడి పైనుంచి తీస్తే చిన్నపిల్లల్ని తీసినట్టు వస్తుంది. పోర్ట్రెయిట్ మోడ్ వద్దు, తెల్ల వెంట్రుకల అంచుల్ని అది కత్తెరతో కోసినట్టు చేస్తుంది. హెచ్‌డీఆర్ ఆపగలిగితే ఆపండి, నీడలన్నీ లేపేసి ముఖాన్ని చపాతీలా చదును చేస్తుంది.

ప్లాస్టిక్ కుర్చీలు పనికిరావు. చేతులున్న చెక్క కుర్చీలు రెండు పక్కింటి నుంచైనా తెండి. ఆ కాలపు ఫోటోల్లో ఆయన కూర్చుంటే ఆమె పక్కన నిలబడేది. అవ్వను ఈ వయసులో అలా నిలబెట్టకండి, ఇద్దరినీ కూర్చోబెట్టండి. చేతులు మోకాళ్ళ మీద, వీపు నిటారుగా. ఆ రోజుల్లో నవ్వు తక్కువగా ఉండడానికి ఒక కారణం షటర్ సెకనులో సగమో, ఒక్కోసారి ఇంకా ఎక్కువో తెరిచి ఉండేది, కదిలితే ప్లేటు వృథా. "నవ్వొద్దు" అంటే తాతకు నవ్వు వస్తుంది. దాని బదులు "ఊపిరి బిగబట్టు తాతా, రెండు లెక్కపెడతాను" అనండి, ముఖం దానంతట అదే ఆ కాలానికి వెళ్ళిపోతుంది.

ఇప్పుడు జింప్. 10 బై 12 అంగుళాల పటానికి అంగుళానికి 300 చొప్పున 3000 బై 3600 పిక్సెళ్ళు కావాలి. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫోటో నిలువుగా కత్తిరిస్తే సరిగ్గా అంత వస్తుంది. అసలు లేయర్‌ను ముట్టుకోకుండా నకలు తీసి దాని మీదే పనిచేయండి, ఒక్కో మెట్టుకు ఒక్కో లేయర్. జింప్ 3 వాడుతుంటే ఫిల్టర్లను తర్వాత కూడా మార్చుకోవచ్చు, పాత 2.10 అయితే ఆ సౌకర్యం లేదు.

రంగు తీసేసేటప్పుడే అసలు విద్య ఉంది. డీశాచురేట్ నొక్కేసి ముందుకు పోకండి. ధర్మవరం పట్టుచీర ఎరుపు, అంచు ఆకుపచ్చ అనుకోండి. డీశాచురేట్ చేస్తే రెండూ ఒకటే బూడిదయ్యే ప్రమాదం ఉంది, అంచు ఎక్కడ మొదలైందో తెలీదు. కలర్స్ మెనూలో మోనో మిక్సర్ తెరవండి. ఏ రంగు ఎంత తెల్లగా పడాలో అక్కడ మీరే చెప్పొచ్చు. మూడు సంఖ్యల మొత్తం 1 దగ్గర ఉండేలా చూసుకోండి, దాటితే తెల్ల పంచె మడతలు మాయమవుతాయి.

1960ల నాటికి పాంక్రొమాటిక్ ఫిల్మ్ వచ్చేసింది, అది అన్ని రంగుల్నీ చూస్తుంది. దానికి ఎరుపు 0.30, ఆకుపచ్చ 0.55, నీలం 0.15 పెట్టండి. అంతకంటే పాతదైన ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్‌కు ఎరుపు కనపడదు. డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు పెట్టుకుని దాన్ని డెవలప్ చేయగలిగేది అందుకే. ఆ ఫిల్మ్‌లో కుంకుమ బొట్టు నల్లగా, పెదవులు ముదురుగా, నీలం అంచు తెల్లగా, ఆకాశం ఖాళీ కాగితంలా పడతాయి. ముత్తాతల కాలపు ఫోటోలు మనకు అంత వింతగా అనిపించడానికి సగం కారణం ఇదే. ఆ రూపం కావాలంటే ఎరుపు 0.05, ఆకుపచ్చ 0.60, నీలం 0.35.

కానీ ఒక ఇబ్బంది ఉంది. మన చామనఛాయ ముఖాల్లో ఎరుపు పాలు ఎక్కువ. ఎరుపు కనపడని ఫిల్మ్ వాటిని ఉన్నదానికంటే రెండు ఛాయలు నల్లగా చూపిస్తుంది, మచ్చలు, మొటిమల గుర్తులు అన్నీ లేచి కనిపిస్తాయి. స్టూడియో అద్దం ముందు పౌడర్ డబ్బా, దువ్వెన ఎప్పుడూ ఉండడం సోకు కోసమే కాదు. మీకు నా సలహా మధ్యస్థంగా ఎరుపు 0.15, ఆకుపచ్చ 0.55, నీలం 0.30. బొట్టు నిలుస్తుంది, ముఖం మరీ నల్లబడదు. నీలం మరీ పెంచే ముందు ఫోటోను నూరు శాతం సైజులో చూడండి. ఫోన్ జేపెగ్‌లో చెత్తంతా నీలం ఛానెల్‌లోనే దాక్కుంటుంది, చెంపల మీద చిన్న చిన్న గళ్ళు లేస్తాయి. ఇమేజ్ మోడ్‌ను గ్రేస్కేల్‌కు మార్చకండి, ఆర్‌జీబీలోనే ఉంచండి, లేకపోతే తర్వాత రంగు వేయలేరు.

తర్వాత లెన్స్ (వరసలో ఇది ఫిల్మ్‌కు ముందుదే, జింప్‌లో మాత్రం రంగు తీశాకే చేద్దాం). పాత పెద్ద కెమెరాల్లో కళ్ళు స్ఫుటంగా ఉంటే చెవుల దగ్గరే మెత్తబడడం మొదలవుతుంది, భుజాలు ఇంకా మెత్తగా ఉంటాయి. ఫోన్‌లో కన్ను నుంచి వెనక గోడ దాకా అంతా ఒకే పదును. లేయర్ నకలు తీసి గాసియన్ బ్లర్ 6 పెట్టి, మాస్క్ వేసి, కళ్ళు, ముక్కు, పెదవుల మీద దాన్ని చెరిపేయండి. చెవుల దగ్గర సగం చెరపండి. బ్రష్ అంచు మెత్తగా ఉండాలి. దాని మీద ఇంకో నకలు, ఈసారి బ్లర్ 20, లేయర్ మోడ్ లైటెన్ ఓన్లీ, ఒపాసిటీ 25. వెలుతురు పడ్డ చోట్ల సన్నని కాంతి నీడల్లోకి కారుతుంది. కెమెరా లెన్స్ ముందు మెత్తని గాజు పెట్టి తీస్తే ఇలాగే వస్తుంది. అదే గాజును ఎన్లార్జర్ (నెగెటివ్‌ను కాగితం మీదికి పెద్దది చేసి వేసే యంత్రం) కింద పెడితే నెగెటివ్‌లో అంతా తిరగబడి ఉంటుంది కాబట్టి నీడలే వెలుతురులోకి కారతాయి, ముఖం మసిబారుతుంది. డార్కెన్ మోడ్‌తో అదీ చేయొచ్చు కానీ పెద్దవాళ్ళ ముఖాలకు నేను వాడను.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగం, రీటచింగ్. పాత రోజుల్లో ఇది నెగెటివ్ మీద గట్టి పెన్సిల్‌తో, సన్నగా చెక్కిన మొనతో చేసే పని. నెగెటివ్ మీద నలుపు పెడితే ప్రింట్‌లో ఆ చోటు తెల్లబడుతుంది. అంటే పెన్సిల్‌తో ముడతను తేలిక చేయొచ్చు, కొత్తగా నీడ పెట్టలేరు. నీడ కావాలంటే నెగెటివ్‌ను కత్తితో గీకాలి, ఆ పనికి అందరికీ ధైర్యం చాలదు. అందుకే ఆ ఫోటోల్లో ముఖాలు తేటగా ఉన్నా నున్నగా ఉండవు, ముడత ఉన్నట్టే ఉంటుంది, లోతు తగ్గుతుంది.

మీరూ ఆ నియమానికే కట్టుబడండి. తెల్లబరిచే డాడ్జ్ టూల్ ఒక్కటే, నల్లబరిచే బర్న్ వద్దు. మిడ్‌టోన్స్, ఎక్స్‌పోజర్ 5 నుంచి 8, బ్రష్ ముడత అంత సన్నం. ఒకే గీతగా లాగకుండా చిన్న చిన్న కామాల్లా పెట్టుకుంటూ పోండి, మా గురువు పెన్సిల్‌తో అలాగే చేసేవాడు. కళ్ళ కింద, నుదుటి మీద, ముక్కు పక్కన పెదవి దాకా దిగే గీత మీద. దోమ కుట్టిన మచ్చలాంటివి హీల్ టూల్‌తో తీసేయొచ్చు, పుట్టుమచ్చలు మాత్రం తీయకండి. పావుగంట పని చేసి లేచి టీ తాగి వచ్చి చూడండి. ఎక్కువ చేశామని అప్పుడు తెలుస్తుంది. ప్రతిసారీ ఎక్కువే చేసి ఉంటాం.

సందర్భం వచ్చింది కాబట్టి, ఫోన్ యాప్‌లలో ఏఐతో పాత ఫోటో చేసిపెట్టేవాటి గురించి. ఒక్క నొక్కుతో అయిపోతుంది, నిజమే. కానీ అవి ముఖాన్ని దిద్దడం లేదు, కొత్తగా పుట్టిస్తున్నాయి. తాత కనుబొమల మధ్య దూరం మారిపోతుంది, అవ్వ ముక్కుపుడక ఇంకో వైపుకు వెళ్తుంది. వీధిలోవాళ్ళు గుర్తుపట్టకపోవచ్చు. అవ్వ మాత్రం "ఈయనెవరు?" అంటుంది.

ప్రింట్ దశకు కర్వ్స్ తెరవండి. కింది ఎడమ బిందువును 0 నుంచి 20కి లేపండి, పై కుడి బిందువును 255 నుంచి 240కి దించండి. కాగితం మీద ఎప్పుడూ పూర్తి నలుపు, పూర్తి తెలుపు ఉండవు. మధ్యలో కొంచెం ఎస్ ఆకారం ఇవ్వండి, ముఖం తేలుతుంది. అంచులు పొగలో కలిసిపోయినట్టు ఉండే గుండ్రటి ఫోటో కావాలంటే, అది అట్టలో కోడిగుడ్డు ఆకారపు రంధ్రం కోసి ఎన్లార్జర్ కింద ఆడిస్తూ చేసిన పని. మీకు ఎలిప్స్ సెలెక్షన్, ఫెదర్ 200, ఇన్వర్ట్, కొత్త లేయర్‌లో లేత బూడిద నింపడం. ఛాతీ వరకు ఉన్న ఫోటోకే ఇది నప్పుతుంది. కుర్చీలతో సహా నిలువునా తీసినదానికి మూలలు కొంచెం ముదురు చేస్తే చాలు.

రంగు ఇక్కడ వస్తుంది, ఇంతకు ముందు కాదు. కలర్స్, మ్యాప్, గ్రేడియంట్ మ్యాప్. ముందు రంగుగా (ఫోర్‌గ్రౌండ్) ఎరుపు 38, ఆకుపచ్చ 32, నీలం 28, వెనక రంగుగా (బ్యాక్‌గ్రౌండ్) 243, 238, 226 పెట్టుకుని గ్రేడియంట్‌ను ముందు రంగు నుంచి వెనక రంగుకు ఉంచండి. చూస్తే నలుపు తెలుపే అనిపిస్తుంది, పక్కన అసలైన తెల్ల కాగితం పెడితేనే వెచ్చదనం తెలుస్తుంది. మీకు సెపియానే కావాలంటే వెనక రంగు నీలాన్ని 205కు, ముందు రంగు ఎరుపును 60కి తీసుకెళ్ళండి, అంతకు మించి వద్దు.

గ్రెయిన్, అంటే ఫిల్మ్ మీది సన్నని రవ్వల గురించి అందరూ పొరపడతారు. పెద్ద ప్లేటును కాగితానికి తాకించి వేసిన ప్రింట్‌లో గ్రెయిన్ కంటికి ఆనదు. 120 రోల్ ఫిల్మ్‌ను పెంచినదాంట్లో కొంచెం ఉంటుంది. ఇసుక చల్లినట్టు వేయకండి. ఆర్‌జీబీ నాయిస్ చాలా తక్కువగా, ఇండిపెండెంట్ ఆర్‌జీబీ గుర్తు తీసేసి, తర్వాత 0.7 బ్లర్. ఉందో లేదో అనుమానం రావాలి.

ముసలితనం కావాలనుకుంటే, గీతలు, మడతలు నెట్‌లోంచి తెచ్చి ముఖం మీద వేయకండి. మీ ఇంట్లో ఏదైనా పాత ఫోటో వెనక వైపు ఖాళీ అట్టను స్కాన్ చేసి, పైన మల్టిప్లై మోడ్‌లో ఒపాసిటీ 15తో పెట్టి, మధ్యలో చెరిపేయండి. పాత ఫోటో అంచుల నుంచి లోపలికి పాడవుతుంది, మీదీ అలాగే కనపడాలి. కింద అట్ట మీద ఉబ్బెత్తు అక్షరాలతో పాత స్టూడియో పేరు వేయమని కొందరు అడుగుతారు. నేను వేయను. ఆయన తీయని ఫోటోకు ఆయన పేరెందుకు?

ఇక ఒక విషయం. వరదలో పోయిన ఆ అసలు పటం పూర్తిగా పోయిందా, లేక గాజుకు అంటుకుని అటక మీద ఎక్కడైనా ఉందా? ఉంటే దయచేసి లాగకండి. ఆ ఏడాది ఒక పెద్దాయన తెచ్చిన పటాన్ని నేను తొందరపడి చాకు మొనతో లేపబోతే, ఫోటో మీది జిలాటిన్ పొర గాజునే పట్టుకుని ఆయన భార్య ముఖం సగం అక్కడే ఉండిపోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇప్పటికీ గుర్తుంది. గాజుతో సహా స్కానర్ మీద పెట్టి స్కాన్ చేయించండి, ముందు ఆ కాపీ చేతికి వచ్చాక మిగతాది చూద్దాం. ముఖాలు ఓ మోస్తరుగా కనిపించినా చాలు, నాకు చూపించండి, ఈ కొత్త ఫోటో పక్కన అదీ పెట్టొచ్చు.

ప్రింట్‌కు ఇచ్చేముందు 4 బై 6 అంగుళాల చిన్న ప్రింట్ ఒకటి వేయించి పగటి వెలుతురులో చూడండి. స్క్రీన్ మీద బాగున్నది కాగితం మీద నల్లగా పడడం మామూలే, అప్పుడు కర్వ్స్ మధ్య బిందువును కొంచెం లేపండి. మ్యాట్ కాగితమే, మెరిసేది వద్దు, లామినేషన్ అసలే వద్దు. పటం కట్టేవాడికి గాజుకు, ఫోటోకు మధ్య మీగడ రంగు అట్ట పెట్టమని గట్టిగా చెప్పండి. అందం ఒకటి, ఫోటో గాజును తాకదన్నది ఇంకొకటి. తేమ పట్టే గోడకు తగిలించకండి. లేయర్లన్నీ ఉండే జింప్ ఎక్స్‌సీఎఫ్ ఫైల్‌ను మీ దగ్గర, ఊళ్ళో లేని బంధువుల దగ్గర ఒకటి ఉంచండి.

వెనకాల పెన్సిల్‌తో ఇద్దరి పేర్లు, ఊరు, తీసిన తేదీ, ఫోన్‌తో తీసిందనీ రాయండి. మీరు నేను చెప్పినట్టే చేస్తే, యాభై ఏళ్ళ తర్వాత మీ మనవళ్ళు దీన్ని 1965 ఫోటో అనుకునే అవకాశం ఉంది.